ఎర స్థలాల వద్ద నల్ల ఎలుగుబంటి ప్రవర్తన

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో నల్ల ఎలుగుబంటి వేటకై అడవిలో ఆహారం ఉంచే చోటును ఎర స్థలం అంటారు. ఆగస్టు చివర వేట మొదలయ్యేందుకు సుమారు నెల ముందునుండే పాత రొట్టెలు, డోనట్లు వంటివి అక్కడ పెట్టి ఎలుగులను అలవాటు చేస్తారు. ఎలుగు చూపుకంటే వాసననే ఎక్కువగా నమ్ముతుంది. కనుక తిన్నగా ఎర వద్దకు రాక, గాలి తనవైపు వీచే దిక్కునుండి చుట్టూ తిరుగుతుంది. మంచెపై మనిషి వాసన తగిలితే మరలిపోతుంది. పెద్ద మగ ఎలుగులు తరచు చీకటి పడ్డాకే వస్తాయి. అవి వస్తే చిన్నవి, పిల్లల తల్లులు తప్పుకొంటాయి.

అయితే ఎర ఉన్నంత మాత్రాన ఎలుగు వస్తుందనుకోవడం పొరపాటు. బీచ్ కాయలు విరగకాసిన ఏడు ఎరను అంతగా పట్టించుకోదు; అడవిలో తిండి కరువైన ఏడు ఎక్కువగా చిక్కుతుంది.

ఈ పద్ధతి ఎలుగులకు మనిషి తిండి మప్పుతుందని వ్యతిరేకులు, దగ్గరగా పరికించి పిల్లల తల్లిని విడిచిపెట్టవచ్చని సమర్థకులు వాదిస్తారు. నిషేధ ప్రతిపాదనను అక్కడి ఓటర్లు 2004లోను, 2014లోను తిరస్కరించారు.