కలంకారీ వర్క్‌షాప్: పాలు, కరక్కాయ, తుప్పు మేకులు.. రెండు రోజుల్లో ఏం వస్తుంది? ఏం రాదు?

సీసాలో మురికి నీళ్లలా ఉండే ద్రవం. వెదురు పుల్లను అందులో ముంచి, మీగడ రంగు బట్ట మీద గీత గీస్తే చాలు, కళ్ల ముందే ఆ గీత నలుపెక్కుతుంది. పుల్లలో రంగు లేదు, సీసాలోనూ అంత నలుపు లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? కలంకారీ వర్క్‌షాప్‌కి మొదటిసారి వెళ్లినవాళ్లు ఫోన్ తీసి వీడియో తీసేది సరిగ్గా ఇక్కడే.

హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి నగరాల్లో ఇప్పుడు ఇలాంటి వర్క్‌షాపులు తరచూ కనిపిస్తున్నాయి. వారాంతం రెండు రోజులు, లేదంటే ఒక్క పూట. చేతికి వెదురు కలం, కర్చీఫ్ సైజు బట్ట, నాలుగు గిన్నెల్లో రంగులు ఇస్తారు. సాయంత్రానికి ఒక నెమలో, ఒక చేపో గీసుకుని ఇంటికి పోవచ్చు. సరదాగానే ఉంటుంది. అయితే ఆ రెండు రోజుల్లో చేతికి వచ్చేది ఎంత, రానిది ఎంత అనేది తెలుసుకుని వెళ్తే పెట్టిన ఫీజుకు అసలు ఫలితం దక్కుతుంది. ఆ తర్వాత బట్టల షాపులో 'కలంకారీ' అని బోర్డు చూసినప్పుడు మోసపోకుండా ఉండొచ్చు. ఈ కళ మీద బతికేవాళ్లకు అసలు సమస్య కూడా ఆ బోర్డు దగ్గరే ఉంది.

సరుకంతా అంగట్లోదే!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వాళ్లకు ఇది పరాయి కళ కాదు. పెన్ కలంకారీకి పుట్టిల్లు శ్రీకాళహస్తి. జిల్లాల విభజనకు ముందు అది కూడా చిత్తూరు జిల్లానే. కదిరి రోడ్డులోని అంగళ్లు నుంచి బయల్దేరితే మదనపల్లె, తిరుపతి మీదుగా వెళ్లాలి.

ఊరి పేరులోనే అంగళ్లు ఉంది కాబట్టి ఓ మాట. ఈ కళకు కావాల్సిన ముడిసరుకు చాలావరకు అంగట్లో దొరికేదే. కరక్కాయ, పటిక, బెల్లం, దానిమ్మ తొక్క. ఇనుప ముక్కలకు పాత సామాన్ల షాపు ఉంది. పాలకు పాడి రైతు ఉన్నాడు. గేదె పాలే కావాలి, మన వైపు మాటలో ఎనుము పాలు. బొగ్గు కోసం చింత పుల్లలు కాలిస్తే సరి. నీలిరంగుకు నీలిమందు, ఎరుపుకు వేర్లు మాత్రం తెలిసిన చోట తెచ్చుకోవాలి.

ఇక నల్ల గీత సంగతి. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో వేసి కుండలో రెండు మూడు వారాలు నానబెడతారు. బెల్లం పులుస్తుంది. ఆ పులుపు ఇనుమును కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. వడగట్టిన ద్రవాన్ని 'కసిం' అంటారు. ఇది సగం కథే. మిగతా సగం బట్టలో ఉంటుంది. గంజి పోయేదాకా ఉతికిన నూలు బట్టను కరక్కాయ పొడి కలిపిన పచ్చి పాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. కరక్కాయలో వగరునిచ్చే టానిన్ ఉంటుంది. కసింలోని ఇనుము ఆ టానిన్‌ను తాకగానే నలుపు పుడుతుంది. అంటే రంగు కలంలోంచి దిగడం లేదు, బట్ట మీదే తయారవుతోంది. ఒకప్పుడు ప్రపంచంలో చాలా చోట్ల రాతకు వాడిన సిరా కూడా ఇదే ఇనుము, టానిన్ సూత్రంతో చేసిందే.

మరి పాలు ఎందుకు? పాలలోని కొవ్వు బట్ట నూలుకు పట్టుకుని, గీత పక్కలకు పాకకుండా ఆపుతుంది. పాలు పట్టని బట్ట మీద ఇదే గీత గీస్తే, బ్లాటింగ్ పేపర్ మీద ఇంకు చుక్కలా చెదిరిపోతుంది. కొన్ని వర్క్‌షాపుల్లో రెండు రకాల బట్టలూ ఇచ్చి పక్కపక్కన గీయిస్తారు. అలా చేయించే చోటు దొరికితే వదులుకోవద్దు. గంట సేపు ఉపన్యాసం కన్నా ఆ రెండు గీతలు ఎక్కువ చెబుతాయి.

కలం తయారీ కూడా చూడటానికి చిన్న పనే. వెదురు పుల్లను కొసన చెక్కి, కొంచెం పైన ఊలు గానీ గుడ్డ పీలికలు గానీ ఉండలా చుట్టి దారంతో కడతారు. ఆ ఉండ రంగును పీల్చుకుంటుంది. వేళ్లతో మెల్లగా నొక్కితే కొసకు దిగుతుంది. ఎక్కువ నొక్కితే మచ్చ పడుతుంది, తక్కువ నొక్కితే గీత తెగుతుంది. మొదటి రోజు అందరికీ మచ్చలే పడతాయి. రెండో రోజు సాయంత్రానికి ఓ మోస్తరు గీత వస్తుంది. చెయ్యెత్తకుండా దేవుడి కనుబొమ్మ గీయడానికి ఏళ్లు పడుతుంది.

వర్క్‌షాప్‌లో కనిపించని ఎరుపు

ఎక్కువ వర్క్‌షాపుల్లో నలుపు, పసుపు, మహా అయితే నీలం దాకా వస్తారు. ఎరుపు దగ్గరే కథ ఆగిపోతుంది. కారణం ఉంది.

ఎర్ర రంగును నేరుగా పూయరు. ఎక్కడ ఎరుపు కావాలో అక్కడ పటిక నీళ్లు పూస్తారు. పటిక నీళ్లు దాదాపు కంటికి కనిపించవు కాబట్టి, ఎక్కడ పూశామో తెలియడానికి అందులో కొద్దిగా రంగు కలుపుతారు. పూశాక కనీసం ఒక రోజు వదిలేస్తారు. తర్వాత పారే నీళ్లలో జాడించాలి. బకెట్ నీళ్లు పనికిరావు. బట్టకు పట్టని పటిక ఊడి వస్తుంది కదా, నీళ్లు నిలకడగా ఉంటే అది వెళ్లి పక్కన తెల్లగా ఉండాల్సిన చోట అంటుకుంటుంది. ఆ తర్వాత చిరివేరు, మంజిష్ఠ లాంటి ఎర్ర రంగు వేర్లు వేసిన నీళ్లలో బట్ట మొత్తాన్ని మరిగిస్తారు. ఇప్పుడు వేర్ల బదులు అలిజరిన్ పొడి వాడటమూ ఉంది. పటిక పడిన చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది.

మిగతా బట్టంతా గులాబీ మరకలతో ఉంటుంది. దాన్ని మళ్లీ తెల్లగా చేయాలి. పేడ కలిపిన నీళ్లలో రాత్రంతా ఉంచి, ఉతికి, ఎండలో పరిచి, ఆరిపోకుండా నీళ్లు చిలకరిస్తూ ఉంటారు. రోజుల తరబడి ఇదే పని. తర్వాత మళ్లీ పాలు పట్టిస్తే గానీ పసుపు వేయడానికి బట్ట సిద్ధం కాదు. పసుపు ఆరాక దాని మీద నీలం వేస్తే ఆకుపచ్చ. ప్రతి మెట్టు తర్వాతా ఉతుకుడు, ఎండ. మబ్బు పడితే పని ఆగుతుంది.

శ్రీకాళహస్తిలో ఈ కళ స్వర్ణముఖి ఒడ్డున పెరిగింది అందుకే. పారే నీళ్లు, కాసే ఎండ రెండూ అక్కడ ఉన్నాయి. అయితే స్వర్ణముఖి ఏడాది పొడవునా పారే నది కాదు. నదిలో నీళ్లు లేని రోజుల్లో ఉతకడానికి వేరే దారి చూసుకోవాల్సిందే. కలంకారీ ఖరీదు గురించి మాట్లాడేటప్పుడు కూలీ, రంగుల లెక్కే చెబుతారు. నీళ్ల లెక్క ఎవరూ అడగరు.

రెండు రోజుల క్లాసులో ఇవన్నీ చేయించడం కుదరదు, అది నిర్వాహకుల తప్పు కాదు. కానీ 'ఇదే మొత్తం ప్రక్రియ' అని చెప్పి పంపిస్తే మాత్రం తప్పే. ఒక చీర పూర్తి కావడానికి వారాలు ఎందుకు పడుతుంది, పెద్ద కథ ఉన్న తెరకు నెలలు ఎందుకు పడుతుంది అనేది ఈ కనిపించని ఎరుపులోనే ఉంది.

ఫ్రాన్స్‌లో నిషేధం.. పాదిరీ రాసిన ఉత్తరం

చేతి పనిని దగ్గర కూర్చుని నేర్చుకోవాలనే ఆసక్తి ఇప్పుడే పుట్టింది కాదు. 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరం నుంచి, ముఖ్యంగా మచిలీపట్నం రేవు నుంచి, మన రంగుల బట్టలు యూరప్‌కు ఓడల మీద వెళ్లేవి. ఉతికినా పోని ఎరుపు అక్కడివాళ్లకు అద్భుతం. గిరాకీ ఎంత పెరిగిందంటే స్థానిక పట్టు, ఉన్ని నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో ఈ బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండ్ 1721లో అద్దకం నూలు బట్టలు కట్టుకోవడం మీదే చట్టం తెచ్చింది.

నిషేధం ఉన్నా రహస్యం మాత్రం కావాలి. పుదుచ్చేరి వైపు పనిచేసిన ఫ్రెంచ్ పాదిరీ కేర్దూ, క్రైస్తవంలోకి వచ్చిన అద్దకం పనివాళ్లను అడిగి తెలుసుకుని, 1742లో మొత్తం పద్ధతిని ఉత్తరంగా రాసి ఫ్రాన్స్‌కు పంపాడు. కరక్కాయ, గేదె పాలు, పటిక, ఎర్రవేరు అన్నీ అందులో ఉన్నాయి. ఈయన తెలుగు కూడా నేర్చిన మనిషి, తెలుగు-ఫ్రెంచ్ నిఘంటువు పని చేశాడు. ఆయన రాసింది తీరప్రాంతపు పని గురించి, శ్రీకాళహస్తి గురించి కాదు. మెట్లు మాత్రం దాదాపు ఇవే. తర్వాత కాలంలో యూరప్ మిల్లులు ఇలాంటి బట్టల్ని యంత్రాల మీద అచ్చువేయడం మొదలుపెట్టాయి. ఇక్కడి పనివాళ్ల సంతలు పడిపోయాయి. నేర్పినవాళ్లకు ఏం దక్కిందనే ప్రశ్న అప్పుడు ఎవరూ వేయలేదు. ఇప్పుడు వర్క్‌షాప్ ఫీజు కట్టేముందు వేయొచ్చు.

శ్రీకాళహస్తిలో గుడి తెరలు రాసే పని 20వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి దాదాపు కనుమరుగైంది. రామాయణ, భారత కథల్ని గడులుగా గీసి, కింద తెలుగులో వివరం రాసే తెరలు అవి. కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టారు. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి ఆ తరం కళాకారుడే. అంటే ఇవాళ మనం చూస్తున్న పెన్ కలంకారీ నిలబడింది ఒక తరగతి గది వల్లే. అది ఒక పూటలో ముగిసే క్లాసు కాదు, అంతే తేడా.

షాపులో ఎలా గుర్తుపట్టాలి?

'కలంకారీ' పేరుతో మార్కెట్లో మూడు రకాలు ఉన్నాయి. చేత్తో గీసే శ్రీకాళహస్తి రకం ఒకటి. చెక్క అచ్చులతో అద్దే మచిలీపట్నం రకం ఇంకొకటి, పెడనలో ఈ పని ఎక్కువ. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. మూడోది ఈ డిజైన్లను స్క్రీన్ మీదో, మిల్లులోనో రసాయన రంగులతో ముద్రించే రకం. అమ్ముడయ్యేది ఎక్కువగా ఇదే. ప్రింట్ అని చెప్పి ప్రింట్ ధరకు అమ్మితే తప్పేం లేదు, అందరూ చేతిపని చీర కొనలేరు. చేతిపని అని చెప్పి అమ్మినప్పుడే గొడవ.

ఒక్కసారి కలం పట్టినవాళ్ల కన్ను ఇక్కడ మారుతుంది. ఒకే బట్ట మీద రెండు నెమళ్లుంటే వాటి కళ్లు పోల్చి చూడాలి. చేత్తో గీసినవి ఎప్పుడూ అచ్చు గుద్దినట్టు ఉండవు. గీత మందం మారుతూ ఉంటుంది, కలం మళ్లీ ముంచిన చోట కొంచెం చిక్కబడుతుంది. చెక్క అచ్చు పనిలో అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు ఎక్కడో ఒక చోట జరిగి కనిపిస్తుంది. అంతా తు.చ. తప్పకుండా ఒకేలా ఉంటే అనుమానించాలి. బట్ట నేల రంగు ట్యూబ్‌లైట్ తెలుపు కాకుండా మీగడ రంగులో ఉంటుంది. కొత్త పెన్ కలంకారీకి పాల వాసన కూడా ఉంటుంది. కొందరికి అది నచ్చదు, ఒకట్రెండు ఉతుకులకు తగ్గిపోతుంది.

ఫీజు కట్టేముందు ఏం అడగాలి?

నేర్పేది ఎవరు? ఏళ్లుగా ఈ పని చేస్తున్న కళాకారులా, లేక వాళ్ల దగ్గర ఓసారి నేర్చుకుని వచ్చినవాళ్లా? కట్టే డబ్బులో కళాకారుడికి చేరేది ఎంత? ఇది అడగడానికి మొహమాటపడక్కర్లేదు, మంచి నిర్వాహకులు సూటిగానే చెబుతారు. కసిం వాడతారా, బాటిల్ ఫ్యాబ్రిక్ పెయింట్ ఇస్తారా అనేది కూడా కనుక్కోవాలి. ఫ్యాబ్రిక్ పెయింట్‌తో వెదురు కలం పట్టిస్తే అది డ్రాయింగ్ క్లాసు అవుతుంది కానీ కలంకారీ కాదు. వీలైతే శ్రీకాళహస్తికే వెళ్లి, పని జరిగే చోట ఒక రోజు కూర్చోవడం అన్నిటికన్నా మేలు. అక్కడ మరిగే గంగాళం, ఆరే బట్టలు కూడా కనిపిస్తాయి.

కలంకారీ ఒక్కటే కాదు. ఇదే కదిరి రోడ్డు పట్టుకుని ధర్మవరం వైపు పోతే నిమ్మలకుంట వస్తుంది. మేక తోలును వెలుతురు దాటేంత పల్చగా చేసి, గీసి, రంగులేసే తోలుబొమ్మల ఊరు అది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు తగ్గాక అదే చేతిపనితో దీపాల షేడ్లు కూడా చేస్తున్నారు. తెలంగాణలో సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ బొమ్మలకు ప్రసిద్ధి. గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి పట్టించిన బట్ట మీద కథలు గీస్తారు. రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో మాస్కులు చేస్తారు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు మొదటిసారికి కలంకారీ కన్నా మాస్కులే తేలిక, చేతికి వెంటనే ఒక వస్తువు వస్తుంది.

వర్క్‌షాప్ నుంచి తెచ్చుకున్న బట్టను వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు. విడిగా, చల్లటి నీళ్లలో, ఘాటు డిటర్జెంట్ లేకుండా ఉతికి నీడలో ఆరేయాలి. ఇంకో జాగ్రత్త. దాన్ని డైనింగ్ టేబుల్ మీద పరిచే ఆలోచన ఉంటే నిమ్మకాయ ఊరగాయ జాడీ దూరంగా పెట్టండి. మూడు వారాలు కుండలో పులిసి పుట్టిన ఆ నలుపు, నిమ్మరసం పడితే తేలిపోతుంది.