యంత్రంతోపాటు సాఫ్ట్‌వేరూ చూడాలి

బాలానగర్‌లో లేత్ పని నేర్చిన కుర్రాడు సొంత షాపు పెట్టుకోవాలంటే సి.ఎన్.సి. యంత్రం కొనిస్తే చాలదు. కంప్యూటర్‌లో గీసిన డ్రాయింగును యంత్రానికి అర్థమయ్యే జి-కోడ్‌గా మార్చే క్యామ్ సాఫ్ట్‌వేర్ కూడా కావాలి. సాయం చేసే ముందు మూడు విషయాలు అడగండి.

మొదటిది, యంత్రపు కంట్రోలర్ ఫానుక్‌దా, సీమెన్స్‌దా? దానికి సరిపడే పోస్ట్ ప్రాసెసర్ లేకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా దండగే.

రెండవది, పని ఏమిటి? టర్నింగ్, మూడు యాక్సిస్‌ల మిల్లింగ్ చేసేవాడికి ఐదు యాక్సిస్‌ల ప్యాకేజీ అనవసరం.

మూడవది, లైసెన్సు ఒక్కసారి కొనేదా, ఏటేటా కట్టేదా? ఏటేటా అయితే కట్టలేని ఏడు పని ఆగిపోతుంది.

నేర్చుకోవడానికి ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ ఉంది. ఏది ఎంచుకున్నా, అదే యంత్రం మీద ఒక ముక్క కోయించి చూశాకే డబ్బు చెల్లించండి. ఒక్క తప్పు కోడ్ చాలు, టూలు విరగడానికి.