ఇంటి కంప్యూటరునకు కావలి

2017వ సంవత్సరము మే 12వ తేదీ, శుక్రవారమునాడు, ఇంగ్లండులోని పెక్కు ఆసుపత్రులలో కంప్యూటరు తెరలపై ఒక ఎఱ్ఱని ప్రకటన కానవచ్చెను. ఫైళ్ళకు తాళము వేసితిమనియు, మూడువందల డాలర్లు చెల్లించినగాని తీయమనియు దాని తాత్పర్యము. వైద్యులు రోగుల వివరములను చూడజాలకపోయిరి. ముందుగా నిశ్చయించిన శస్త్రచికిత్సలు కొన్ని ఆగిపోయినవి. అంబులెన్సులను వేఱు ఆసుపత్రులకు మరలింపవలసివచ్చెను. వానాక్రై అను పేరుగల ఆ ఉపద్రవము కొలదిదినములలోనే సుమారు 150 దేశములకు వ్యాపించెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కంప్యూటర్లు కొన్నియు దాని వాతబడినవి.

ఇందు విచారింపదగిన విషయమొకటి కలదు. ఏ లోపము గుండ అది యంత్రములలో చొరబడెనో, ఆ లోపమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ మార్చి 14వ తేదీననే, అనగా సుమారు రెండు నెలలకు ముందే, విడుదల చేసియుండెను. సవరణ చేసికొన్న యంత్రములలోనికి ఆ త్రోవను అది పోలేకపోయెను. చేసికొననివియు, మిక్కిలి పాతబడి అట్టి సవరణలు అందుట మానినవియు చిక్కుకొన్నవి. కనుక ఇంటి కంప్యూటరునకు ఏ రక్షణ కావలెనని అడుగువారు మొట్టమొదట అంగడికి పోనక్కఱలేదు. యంత్రమును నడపు మూలవ్యవస్థకు తయారుచేసినవారి సవరణలు అందుచున్నవా, లేవా యని చూడవలెను. విండోస్ 10నకు సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. సవరణలందని వ్యవస్థపై ఎంత ఖరీదైన రక్షణ నిలిపినను, చెదలు తిన్న తలుపునకు ఇత్తడి తాళము వేసినట్లే యగును.

పిమ్మట చూడవలసినవి రెండు: ఫైర్‌వాల్, యాంటీవైరస్. ఒకదాని పని రెండవది చేయజాలదు.

ఫైర్‌వాల్ అను మాట మొదట కట్టడములకు చెందినది. ఒక యింట నిప్పంటుకొన్నచో ప్రక్కయింటికి ప్రాకకుండ నడుమ కట్టు దళసరి గోడకు ఆ పేరు. వరుసగా పూరిండ్లున్న పల్లెలను వేసవిలో చూచినవారికి అట్టి గోడ విలువ వేఱుగ చెప్పనేల? కంప్యూటరునకును బయటి నెట్‌వర్కునకును నడుమ ఇట్టి గోడయే నిలుచును. ప్రతి కంప్యూటరునకును 0 మొదలు 65,535 వఱకు సంఖ్యలుగల పోర్టులు, అనగా ద్వారములు, ఉండును. ఇవి కంటికి కనబడు రంధ్రములు కావు. వచ్చిన సమాచారము ఏ ప్రోగ్రామునకు చేరవలెనో తెలుపు సంఖ్యలు మాత్రమే. విండోస్ యంత్రములు ఫైళ్ళను పంచుకొనుటకు 445వ ద్వారమును వాడును. వానాక్రై తట్టినది ఆ ద్వారమునే. మనము కోరి తెప్పించుకొన్న సమాచారమును ఫైర్‌వాల్ రానిచ్చును. పిలువని పేరంటముగ వచ్చిన దానిని వెలుపలనే నిలుపును.

2003 ఆగస్టులో బ్లాస్టర్ అను పురుగు, ఎవరును ఏ ఫైలును తెఱవకయే, నెట్‌వర్కునకు తగిలించిన కంప్యూటర్లలో ప్రవేశించెను. మఱుసటి ఆగస్టులో వెలువడిన విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీసు ప్యాకు నుండి ఫైర్‌వాల్ తనంతతానే పనిచేయునట్లు అమర్చిరి. నేటి విండోస్‌లోను అది కలదు. ఇంటి రౌటరులో సైతము సాధారణముగ నుండును. సామాన్య గృహస్థు వేఱొకటి కొననక్కఱలేదని నా అభిప్రాయము. ఆట సరిగ సాగలేదని ఫైర్‌వాల్‌నే ఆర్పివేసి, ఆ సంగతి మఱచిపోవు బాలురు కలరు! ఆ యొక్క ఆటకు మాత్రము అనుమతి యిచ్చిన చాలును.

గోడ ఎంత గట్టిదైనను, మనమే తలుపు తీసి లోనికి పిలిచినవానిని ఆపదు. 2000 మే నెలలో ప్రేమలేఖ వేషమున ఈమెయిలు వెంట వచ్చిన వైరసును లోకమందలి జనులు తమ చేతులతో తామే తెఱచిరి. యాంటీవైరస్ అవసరము ఇచ్చట కలుగును. అది ప్రతి ఫైలును, ఇదివఱకు పట్టుబడిన వైరసుల గుర్తులతో పోల్చి చూచును. పోలీసులు పాత దొంగల ఛాయాపటములతో పోల్చినట్లు. క్రొత్త దొంగకు పటముండదు గదా! అందుచే నడవడినిగూడ కనిపెట్టును. ఒక ప్రోగ్రాము వచ్చినదే తడవుగ వందలకొలది ఫైళ్ళను తిరుగవ్రాయ మొదలిడినచో అనుమానించి నిలుపును.

వీనిలో దేనిని ఎన్నుకొనవలెను? ప్రకటనలను నమ్ముటకంటె పరీక్షలను చూచుట మేలు. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ అను సంస్థలు యాంటీవైరసులను పరీక్షించి ఫలితములను ప్రకటించుచుండును. మొదటిది రక్షణకు ఆఱు, యంత్రవేగమును మందగింపజేయకుండుటకు ఆఱు, మంచి ఫైలును దొంగయని పొరబడకుండుటకు ఆఱు, వెరసి 18 మార్కులకు పరీక్ష పెట్టును. విండోస్‌తోపాటు ఉచితముగ వచ్చు డిఫెండర్‌కు ఇటీవలి సంవత్సరములలో మంచి మార్కులే వచ్చుచున్నవి.

ఒక్కటి చాలును. రెండింటిని ఏకకాలమున నడపినచో, ఒకే ఫైలును రెండును పట్టుకొని యంత్రమును కుంటువఱచును. ఒండొంటిని శంకించుటయు కలదు. వేఱొక యాంటీవైరస్‌ను చేర్చినప్పుడు డిఫెండర్ తనంతట ప్రక్కకు తొలగుట ఇందువలననే. ఇంకొక మాట. రక్షణ ప్రోగ్రాము యంత్రము లోపలి గదులన్నిట తిరుగు అధికారము గలది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ పంపిన తప్పుడు సవరణవలన కార్యాలయములలోను విమానాశ్రయములలోను సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నిలిచిపోయినవి. పేరుగల సంస్థ చేతిలోనే ఇంత జరిగినప్పుడు, ఊరు పేరు లేని ప్రోగ్రామును ఇంట చేర్చువాని మాట చెప్పనేల? వెబ్ పుట చూచుచుండగ హఠాత్తుగ “మీ కంప్యూటరునకు వైరసు సోకినది, దీనిని దింపుకొనుడు” అని కేకలు వేయునది సాధారణముగ ఇట్టిదే. ఆ పుటను మూసివేయవలెను.

యాంటీవైరస్ మేలుకొనియున్నదో లేదో తెలిసికొనుటకు ఐకార్ అను పరీక్షా ఫైలు కలదు. అందున్నవి 68 అక్షరములే. ఏ హానియు చేయదు. అయినను యాంటీవైరసులు దానిని దొంగవలెనే పట్టవలెనని ఏర్పాటు. పెద్దల సమక్షమున దీనిని ప్రయత్నింపవచ్చును.

ముఖ్యమైన ఛాయాచిత్రములకును పత్రములకును వేఱొక డిస్కుపై నకలు తీసియుంచుటయు రక్షణలో భాగమే. నకలు ముగియగనే ఆ డిస్కును విడదీసి బీరువాలో పెట్టవలెను. తగిలించియే యుంచినచో, వానాక్రై వంటిది వచ్చిననాడు కంప్యూటరుతోపాటు దానికిని తాళము పడును.