పట్టము, పటము, జ్ఞాపిక

ఏటేట చైత్రము వచ్చుసరికి మన ఉన్నత పాఠశాలలలో ఒక మూల నిశ్శబ్దము నెలకొనును. పదవ తరగతి గది ఖాళీ అగును. పరీక్షలకు ముందే వీడ్కోలు సభ జరిగియుండును. రంగుకాగితపు తోరణములు, పూలదండలు, ఉపన్యాసములు, ఛాయాచిత్రములు అన్నియు యథావిధిగా ముగిసియుండును. ఐదేండ్లు ఒక్క కప్పు క్రింద కూర్చుండి చదివిన పిల్లలు ఆనాడు చేతబట్టుకొని పోవునది ఏమి? ప్రథములుగా నిలిచిన ఇద్దరు ముగ్గురికి అంగడిలో కొన్న ప్లాస్టిక్ షీల్డు దక్కును. తక్కినవారు వట్టి చేతులతో ఇల్లు చేరుదురు.

ఆ తక్కినవారి సంగతియే ఇచట చెప్పదలచినది. వారిలో కొందరు కళాశాలకు పోవుదురు. కొందరు ఏదో ఒక పనిలో కుదురుకొందురు. ఒకరిద్దరు బాలికలకు ఆ సభయే చదువునకు తుది దినము కావచ్చును. అట్టి దినమునకు గుర్తుగా ప్రతి విద్యార్థికిని ఒక వస్తువు ఉండవలెనన్నచో అందుకై పట్టణపు అంగళ్ళు వెదకనక్కరలేదు. జనగామ ప్రాంతమున ఆ విద్య తెలిసిన చేతులు తరతరములుగా ఉన్నవి.

ముందుగా మాటలను విచారింతము. పూర్వము గురుకులమున విద్య ముగించిన బ్రహ్మచారి సమావర్తన వేళ స్నానము చేసి, క్రొత్త వస్త్రములు ధరించి, గురుదక్షిణ సమర్పించి ఇల్లు చేరెడివాడు. అట్టివానికి స్నాతకుడని పేరు. నేటి విశ్వవిద్యాలయములు జరుపు స్నాతకోత్సవమునకు ఆ పేరు అచటినుండియే వచ్చినది. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో ఆచార్యుడు శిష్యునకు చేయు హితోపదేశము ఈ సందర్భమునకు చెందినదే. పట్టభద్రుడను మాటలోని పట్టమునకు నొసట కట్టు రేకు అని ఒక అర్థము. వస్త్రమనియు, శాసనము చెక్కు రేకనియు మరికొన్ని అర్థములు. పటమన్నను మొదట గుడ్డయే. తరువాత గుడ్డమీద గీసిన బొమ్మ. విద్య ముగించినవానిని గౌరవించు మాటలలో ఒక లోహపు రేకును, ఒక గుడ్డ ముక్కయు దాగియున్నవన్నమాట. ఈ రెండింటితోను పనిచేయు రెండు గ్రామములు జనగామ చెంతనే యుండుట చక్కని యాదృచ్ఛికము.

హైదరాబాదు నుండి వరంగల్లుకు పోవు రహదారి మీద, జనగామకు కొలదిదూరమున పెంబర్తి ఉన్నది. అచటి విశ్వకర్మలు ఇత్తడి, రాగి రేకులమీద బొమ్మలు పొదుగుటలో ప్రసిద్ధులు. కాకతీయుల కాలమున దేవాలయ రథములకును, ద్వారములకును వీరి పూర్వులు రేకుపని చేసిరని చెప్పుదురు. నిజాముల ఏలుబడిలో పాన్‌దానులు, అత్తరుదానులు వీరి చేతులలో రూపుదిద్దుకొనినవి. నేడు ఈ లోహశిల్పమునకు భౌగోళిక గుర్తింపు లభించియున్నది. పని జరుగు తీరు చూడదగినది. రేకును కాల్చి మెత్తబరతురు. వేడిచేసిన లక్క మిశ్రమముమీద దానిని అదిమి నిలుపుదురు. పిదప చిన్న చిన్న ఉలులతో వెనుకవైపునుండి మెల్లగా కొట్టుచు బొమ్మను ముందునకు ఉబికింతురు. మరల రేకును త్రిప్పి ముఖములు, నగలు, పూరేకులు తీర్చుదురు. దెబ్బ గట్టిగా పడినచో రేకు చిరుగును. మెల్లగా పడినచో బొమ్మ లేవదు. ఉపాధ్యాయులకు ఇంతకంటె చక్కని ఉపమానము దొరకదు.

జనగామ సమీపమున నున్న రెండవ ఊరు చేర్యాల. 2016 వరకు ఇదియు జనగామవలె వరంగల్లు జిల్లాలోనిదే. ఆ ఏడు అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు జనగామ తానే ఒక జిల్లా కాగా, చేర్యాల సిద్దిపేట జిల్లాలో చేరినది. జిల్లా హద్దులు మారినను చేతి నైపుణ్యమునకు హద్దు మారలేదు. అచటి నకాషీ చిత్రకారులు కథలు చెప్పువారికై పటములు వ్రాసి ఇచ్చెడివారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును ఈ పటములు విప్పి చూపుచు వినిపించెడివారు. ఒక్కొక్క పటము 3 అడుగుల వెడల్పుతో, 40 అడుగుల పొడవువరకు సాగెడిది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూసి, ఆరిన పిమ్మట బొమ్మలు గీయుదురు. ఎర్రని నేపథ్యము ఈ పటములకు ఆనవాలు. దీపపు మసినుండి నలుపు, శంఖమునుండి తెలుపు, ఇంగిలీకమునుండి ఎరుపు తీసికొనెడివారు. ఇప్పుడు సిద్ధముగా దొరకు రంగులును వాడుచున్నారు. ఊరూర తిరిగి కథ చెప్పువారు తగ్గిపోవుటతో పెద్ద పటములు అడుగువారును తగ్గిరి. నేడు కొన్ని కుటుంబములు మాత్రమే ఈ విద్యను నిలుపుకొని, చిన్న బొమ్మలు, ముఖములు, గోడకు తగిలించు పటములు చేయుచున్నవి.

చదువు ముగింపును చేతిపనితో జరుపుకొనుట ఇతర దేశములలోను ఉన్నది. ఆంగ్లము మాట్లాడు దేశములలో పట్టాను గొఱ్ఱెతోలు అని పరిహాసముగా పిలుతురు. ఒకప్పుడు దానిని నిజముగనే తోలుమీద చేతితో వ్రాసి ఇచ్చెడివారు. హవాయి ద్వీపములలో విద్య ముగించినవాని మెడలో బంధుమిత్రులు లెయి అను దండలు వేయుదురు. పూలతో, ఆకులతో, గవ్వలతో, గింజలతో గ్రుచ్చిన ఆ దండలు ఒక్కొక్కప్పుడు గడ్డమును దాటి ముఖమును కప్పివేయును. అమెరికా విద్యార్థులు పట్టప్రదానమునాడు ధరించు నలుచదరపు టోపీమీద తమకు తోచిన బొమ్మలు అంటించుకొందురు. మన దేశమున మాత్రము ఈ భావము లేకపోలేదు. పాతకాలపు వీధిబడులలో దసరా వచ్చినదన్న పిల్లలు వెదురు విల్లంబులకు రంగుకాగితములు అంటించి, గురువు వెంట ఇంటింటికి పోయి పాటలు పాడెడివారు. గురువునకు కానుకలును, పిల్లలకు పప్పుబెల్లములును దక్కెడివి. ఆ విల్లును పిల్లవాడే అలంకరించుకొనెడివాడు; ఊరంతయు చూచి మెచ్చుకొనెడిది. బడి సంబరమునకు ఊరు సాక్షియై నిలుచుట అందలి అందము.

ఇక చేయదగిన పనిని చెప్పుకొందము. చేర్యాల పటము 40 అడుగులు. ఒక తరగతిలో విద్యార్థులు కూడ ఇంచుమించు 40 మంది. తలకు ఒక అడుగు చొప్పున తరగతి పటమొకటి ఏల తయారు చేయరాదు? నూలుగుడ్డను ఉదికి, ఒక్కొక్కరికి అడుగు పొడవు ముక్క ఈయవలెను. చింతగింజలను రాత్రి నానవేసి, పొట్టు తీసి, రుబ్బి, చిక్కగా కాచినచో అంబలి సిద్ధమగును. దానిలో సుద్దపొడి కలిపి గుడ్డకు పూసి ఎండబెట్టవలెను. ఆరిన పిమ్మట నున్నని రాతితో రుద్దినచో గుడ్డ కాగితమువలె అమరును. చివరకు ముక్కలన్నిటిని వరుసగా కుట్టి, అంచున పూలతీగె గీసి, రెండు కొసలను రెండు కర్రలకు చుట్టవలెను. ఈ పనికి అయ్యెడి ఖర్చు స్వల్పము.

ఆ అడుగు గుడ్డమీద ఏమి గీయవలెనన్నది పిల్లలకే విడిచిపెట్టుట మేలు. ఒకరికి బడి ఆవరణలోని వేపచెట్టు తోచును. ఒకరికి మధ్యాహ్న భోజనపు వరుస. ఒకరికి ప్రయోగశాలలో తన చేతినుండి జారి పగిలిన గాజుగొట్టము. లెక్కలలో మొదటివానికి ఎంత గుడ్డయో, పరీక్ష తప్పునని అందరును భయపడు పిల్లవానికిని అంతే గుడ్డ. మార్కుల పట్టికలో సమానత్వము సాధ్యము కాదు; పటములో సాధ్యము. ఈ పటము విద్యార్థులది, కాని పాఠశాలయందే ఉండవలెను. నేడు పాతికేండ్ల తరువాత పూర్వ విద్యార్థులు సమ్మేళనములు జరుపుకొని, గురువులకు శాలువలు కప్పుట ఊరూర కనిపించుచున్నది. ఆనాడు గోడమీద ఆ పటమును విప్పి చూపినచో ఎవరి అడుగు ఎక్కడ ఉన్నదో వెదకుకొనని వారుండరు.

విద్యార్థి వెంట తీసికొనిపోవుటకు మరియొక వస్తువు కావలెను. ఏడాది చివర ప్రతి నోటుపుస్తకమునను వ్రాయని పుటలు మిగిలియుండును. వానిని విప్పి, సమముగా కత్తిరించి, మడచి, దారముతో కుట్టి, నేతగుడ్డ పీలికతో అట్ట కప్పినచో జ్ఞాపకాల పుస్తకము తయారగును. ఎవరి పుస్తకమును వారే కుట్టుకొనరాదు. చీట్లు తీసి, ఒకరిది ఒకరు కుట్టవలెను. తాను ఐదేండ్లలో ఎక్కువగా పలుకరింపని సహాధ్యాయికై ఒక దినము కూర్చుండి సూది దారము పట్టుట చిన్న విషయము కాదు.

రేకుపని బాలుర చేతికి అంత సులభముగా లొంగదు. లక్క, నిప్పు, ఉలి అనుభవజ్ఞులకే తగును. కావున ఏడాదికి ఒక్క ఇత్తడి రేకును పెంబర్తి పనివారి చేతనే చేయించుట ఉచితము. నమూనా బొమ్మను మాత్రము తరగతివారు గీసి ఈయవచ్చును. పనివారు నేడును సన్మానములకు జ్ఞాపికలు చేయుచునే యున్నారు. వారికి ఇది క్రొత్త పని కాదు. బేరమాడి ధర తగ్గించుట మాత్రము తగదు. నాలుగు దినముల పనికి ఒక దినపు కూలి ఇచ్చి, ఆ రేకుమీద విద్యామహిమను చెక్కించుట హాస్యాస్పదము. కమ్మరి, కంసాలి, సాలె కుటుంబముల పిల్లలు ఆ తరగతిలోనే కూర్చుండియుండవచ్చును. తండ్రి పనిని బయటికి చెప్పుకొనుటకు సంకోచించు పిల్లవానిని, ఆనాడు ముందునకు పిలిచి పని వివరింపుమన్నచో అతడే తరగతికి గురువగును. ఆ ఒక్క గడియ కొరకైనను ఈ ప్రయత్నము చేయదగును.

పదవ తరగతిలో సమయ మెక్కడిదని ఉపాధ్యాయులు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. పుష్యమాసము వచ్చినదన్న ప్రత్యేక తరగతులు, నమూనా పరీక్షలు మొదలగును. కనుక ఈ పనిని కార్తిక మార్గశిరములలోనే వారమునకు రెండు గంటల చొప్పున ముగించుకొనవలెను. చేతిపని చదువునకు అడ్డమన్న భావము మాత్రము సరికాదు. 1937లో వార్ధాలో జరిగిన విద్యామహాసభలో గాంధీజీ చేతివృత్తినే విద్యకు కేంద్రముగా చేయవలెనని ప్రతిపాదించెను. ఆ విద్యాప్రణాళికను రూపొందించిన సంఘమునకు అధ్యక్షుడు హైదరాబాదులో జన్మించిన జాకీర్ హుస్సేన్. ఆ ప్రణాళిక దేశమంతట నిలువలేదు. అయినను గుడ్డ కొలుచుటలో గణితము, అంబలి కాచుటలో రసాయనశాస్త్రము, పటము వ్రాయుటలో చరిత్ర ఉన్నవన్న సత్యము నిలిచియేయున్నది.

ఈ నేలకు మరియొక జ్ఞాపకమును కలదు. పాల్కురికి సోమనాథుని పాలకుర్తియు, పోతన పేరు మోయు బమ్మెరయు నేడు జనగామ జిల్లాలోనివే. పోతనను సహజపండితుడని లోకము పిలుచుచున్నది. ఆయన చేతి గంటముతో తాటాకులపై వెలసిన భాగవతములో కొన్ని భాగములు శిథిలము కాగా, గంగన, సింగన, నారయ పూరించిరని ప్రసిద్ధి. తాటాకు అల్పాయువు. గుడ్డయు చివుకును, ఇత్తడియు నల్లబడును. ఏటేట తోమినచో ఇత్తడి మెరయును. ఎండకు వేసి దులిపినచో పటము నిలుచును. శిథిలమైన దానిని పూరించు చేతులున్నచో కావ్యమే నిలిచినది. రాబోవు కార్తికమున ఒక్క పాఠశాలలోనైనను ఒక నానబెట్టిన చింతగింజల గిన్నెతో ఈ పని మొదలగుగాక.