నానార్థపదములు – వాక్యార్థగ్రహణము

అచ్చంపేట దాటి నల్లమల యడవిలోనికి పోవు త్రోవలో నొకడు "ఈ చెట్టు వేరు" అనెననుకొందము. విన్నవాడేమి గ్రహించును? చెట్టుయొక్క మూలమనియు గ్రహింపవచ్చును. ఇది మరియొక జాతి చెట్టనియు గ్రహింపవచ్చును. రెండవ యర్థమున నిది సంపూర్ణవాక్యము, మొదటి యర్థమున వాక్యభాగము మాత్రమే. తెలుగున క్రియ లేకయే వాక్యము ముగియగలదు గనుక నీ చిక్కు కలిగినది. పలుకునపుడు 'చెట్టు' అనుచోట గొంతు కొంచెమాగిన సందేహము తీరును. వ్రాతలో నా సాయము లేదు. "ఈ చెట్టు వేరు త్రవ్వినారు" అని చదువువాడు చివరి మాట వచ్చుదాక నేదో యొక యర్థమును పట్టుకొనియో, రెంటిని మోయుచునో యుండవలెను.

ఈ నిర్ణయమునకు సంయోగము, విప్రయోగము, సాహచర్యము, విరోధము, ప్రకరణము మున్నగు హేతువులను భర్తృహరి వాక్యపదీయమున రెండవ కాండమందు చెప్పెను. భోజనవేళ సైంధవము తెమ్మన్న నుప్పు, ప్రయాణవేళ గుఱ్ఱము, ఇది ప్రకరణబలము. అయితే ప్రకరణము పనికిరాని యర్థమును మనస్సులోనికి రానీయకయే వారించునా, లేక వచ్చినదానిని పిమ్మట త్రోసివేయునా?

1979లో డేవిడ్ స్విన్నీ యనునాతడు దీనిని పరీక్షించెను. 'బగ్స్' అను నాంగ్లపదమునకు పురుగులనియు, రహస్యముగా వినుటకై దాచు పరికరములనియు నర్థములు. వాక్యము చెవిని పడుచుండగా, ఆ పదము వినబడిన క్షణమున తెరపై మరియొక పదమును చూపిరి. సందర్భము పురుగులనే సూచించినను రెండర్థములకు చెందిన పదములను శ్రోతలు శీఘ్రముగా గుర్తించిరి. మూడక్షరములు గడచిన పిమ్మట నుచితార్థమునకే యా శీఘ్రత మిగిలెను. అనగా త్రోసివేయుటయే జరిగినది. కాని 1988లో డఫీ, మోరిస్, రేనర్ అనువారు చదువరుల కంటిచూపును కొలువగా, అర్థముల వాడుకలోని హెచ్చుతగ్గులకును ముందున్న సందర్భమునకును గూడ ప్రభావము కనబడెను. అరుదైన యర్థమును సందర్భము కోరినచోట చూపు ఎక్కువసేపు నిలిచినది. కావున సందర్భము మొదట నిద్రించి పిదప మేల్కొనునని చెప్పుట అతివాదమని మా యభిప్రాయము.

పదునారవ శతాబ్దమున పింగళి సూరన రాఘవపాండవీయమున ప్రకరణమునే రెండు చేసెను. అందు త్రోసివేయదగిన యర్థమే లేదు. అయినను చదువరి రెండు కథలను ఒక్క ఊపున గ్రహించునని మేము నమ్మజాలము. రాముని కథకొకమారు, పాండవుల కథకొకమారు పద్యమును తిరిగి చదువుటయే సాధారణానుభవము.

తరగతిలో 'వేరు'నకు తప్పర్థము చెప్పిన విద్యార్థిని నిఘంటుజ్ఞానము లేనివాడనుట అన్యాయము. అతడు రెండర్థములు నెఱిగియుండి, వాక్యము ముగియకముందే యొకదానిని విడిచియుండవచ్చును. ఉపాధ్యాయుడు పదమునడుగక వాక్యమును పూర్తిగా చదివించి యడుగవలెను.

ఇట్టి పరీక్షలు తెలుగున జరుపబూనువారు విభక్తిని మఱవరాదు. 'ఏరు' అన్నచో నదియో, ఏరుకొనుమనుటయో తెలియదు; 'ఏటిలో' అన్న సందేహమే లేదు. ఔపవిభక్తికము చిక్కును తీర్చుటయే కాదు, కల్పించుటయు గలదు. 'కాలు' శబ్దము 'కాలి' యైనపుడు "కాలి గాయమైనది" అను వాక్యమున గాయము పాదమునకో, నిప్పువలననో చెప్పలేము.