శునక జాతి సంఘాల వంశావళి గ్రంథాలు: చరిత్ర, ప్రయోజనం, హిందూపురం–పెనుకొండ–ధర్మవరం ప్రాంతానికి అన్వయం

సారాంశం

పెంపుడు జంతువుల సమూహాన్ని ఒక జాతిగా నిర్ధారించడానికి రూపలక్షణాలతో పాటు తరతరాల జనన నమోదు అవసరం. శునక జాతి సంఘాలు నిర్వహించిన వంశావళి గ్రంథాల చరిత్ర, వాటి వలన కలిగిన మేలు, కొన్ని సందర్భాల్లో జరిగిన హాని ఈ వ్యాసంలో వివరింపబడ్డాయి. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల గొర్రెల మందల కాపలా కుక్కలకు అటువంటి నమోదును ఎలా ఆరంభించవచ్చునో సూచింపబడింది.

ఉపోద్ఘాతం

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల పరిసరాల్లో మాత్రమే వర్షం కురిసే పూర్వపు అనంతపురం జిల్లా మెట్ట వ్యవసాయంలో వేరుశనగ, గొర్రెల మంద ఒకదానికొకటి తోడుగా నిలిచాయి. కోత ముగిసిన చేలలో రాత్రిళ్లు మంద కట్టించి భూసారం పెంచుకోవడం ఇక్కడి రైతుల పాత అలవాటు. ఆరుబయట మంద నిలిచే ఆ రాత్రులలో తోడేలు, చిరుత, దొంగల నుండి దానిని కాపాడేది కాపరి కర్ర, అతని కుక్క. అందువలన కాపలా కుక్కను గొర్రెల పెంపకంలోనే కాక నేల సారాన్ని నిలిపే వ్యవస్థలో కూడా ఒక భాగంగా చూడవలసి ఉంటుంది.

ఇదే జిల్లాలోని కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం నుండి విడుదలైన వేరుశనగ రకం ఏదైనా, దాని తల్లి రకమేదో తండ్రి రకమేదో రికార్డులో ఉంటుంది. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు లభించడానికి ఆ నేత లక్షణాలను లిఖితపూర్వకంగా వర్ణించడం ఆధారమయింది. మంద వెంట నడిచే కుక్కకు అటువంటి పత్రం లేదు. పశుగణనలో కుక్కల సంఖ్య ఉంటుంది గాని వాటి వంశం ఉండదు.

వంశావళి గ్రంథం పుట్టుక

జంతువుల వంశాన్ని ముద్రిత గ్రంథంలో నమోదు చేసే పద్ధతి మొదట పందెపు గుర్రాలతో ఆరంభమయింది. ఇంగ్లండులో 1791లో జనరల్ స్టడ్ బుక్ తొలి రూపం వెలువడింది. 1822లో కోట్స్ ప్రకటించిన హెర్డ్ బుక్ షార్ట్‌హార్న్ పశువుల వంశాలను క్రోడీకరించింది. కుక్కల విషయంలో ఈ అవసరం ప్రదర్శనల వలన ఏర్పడింది. 1859లో న్యూకాసిల్ నగరంలో పాయింటర్, సెట్టర్ కుక్కలకు ప్రదర్శన జరిగింది. ఆ తరువాత ప్రదర్శనలు పెరిగిన కొద్దీ ఒకే పేరు గల కుక్కలు అనేకం పోటీలకు రావడం, గెలిచినది ఏ కుక్కో తేల్చలేకపోవడం సమస్యగా మారింది. 1873లో స్థాపితమైన కెన్నెల్ క్లబ్ మరుసటి సంవత్సరమే తన తొలి వంశావళి గ్రంథాన్ని ప్రకటించింది. 1859 నుండి జరిగిన ప్రదర్శనలలో పాల్గొన్న నాలుగు వేలకు పైగా కుక్కల వివరాలు అందులో ఉన్నాయి. 1880లో పేర్ల నమోదు విధానాన్ని ప్రవేశపెట్టడంతో ఒక పేరు ఒక కుక్కకే చెందే ఏర్పాటు జరిగింది. 1884లో అమెరికన్ కెన్నెల్ క్లబ్, 1911లో అయిదు ఐరోపా దేశాల సంఘాలు కలిసి నెలకొల్పిన అంతర్జాతీయ సమాఖ్య ఇదే మార్గంలో నడిచాయి.

జాతీయ సంఘం ఏదైనా ప్రధానంగా మూడు రికార్డులను నిర్వహిస్తుంది. మొదటిది జాతి ప్రమాణం. ఎత్తు, తల, చెవి, తోక, రంగు, నడక ఎలా ఉండాలో ఇది తెలుపుతుంది. రెండవది వంశావళి గ్రంథం. ప్రతి కుక్కకు సంఖ్య, పుట్టిన తేదీ, తల్లి, తండ్రి, పెంపకందారు వివరాలు ఇందులో ఉంటాయి. మూడవది ప్రదర్శనలు, పని పరీక్షల ఫలితాలు. ఈ మూడింటిలో ప్రజల దృష్టి మొదటి, మూడవ రికార్డుల మీదనే ఉంటుంది. జన్యు శాస్త్రజ్ఞునికి అత్యంత విలువైనది రెండవది.

భారతదేశంలో పరిస్థితి

మన దేశంలో చెన్నై కేంద్రంగా గల కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా శునకాల నమోదును నిర్వహిస్తున్నది. ఇండియన్ నేషనల్ కెన్నెల్ క్లబ్ అనే మరో సంస్థ కూడా నమోదు చేస్తున్నది. దక్కను పీఠభూమికి చెందిన సన్నని వేటజాగిలాన్ని మొదటి సంస్థ కారవాన్ హౌండ్ అని, రెండవది ముధోల్ హౌండ్ అని వ్యవహరిస్తాయి. ఒకే జాతి రెండు పేర్లతో రెండు గ్రంథాలలోకి ఎక్కినప్పుడు ఆ జాతిలో ఉన్న మొత్తం కుక్కలెన్ని, వాటిలో పరస్పర బంధుత్వం ఎంత అనే ప్రశ్నలకు సమాధానం కష్టమవుతుంది.

సంఘాల నమోదుకు భిన్నంగా, జన్యు వనరులుగా జాతులను గుర్తించే బాధ్యత కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ద్వారా భారత వ్యవసాయ పరిశోధన మండలి నిర్వహిస్తున్నది. ఇక్కడ నమోదయ్యేది ఒక్కొక్క కుక్క కాదు, మొత్తం జాతి. రాజపాలయం, చిప్పిపారై, ముధోల్ హౌండ్ జాతులు ముందుగా ఈ గుర్తింపు పొందాయి. హిమాలయ ప్రాంత కాపరుల గద్ది కుక్క నాలుగవదిగా చేరింది. ఈ నాలుగింటిలో ఆంధ్రప్రదేశ్ స్వస్థలంగా గల జాతి లేదు. గద్ది కుక్క చేరికను మాత్రం విస్తరణ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా గమనించవలసి ఉంది. ప్రదర్శనశాలకు దూరంగా, గొర్రెల మంద వెంట పనిచేసే కుక్కకు కూడా శాస్త్రీయ గుర్తింపు సాధ్యమని అది చూపింది.

పత్రం లేని చోట కథ

హిందూపురం, పెనుకొండ ప్రాంతాలు రెండు ప్రసిద్ధ జాతుల కథలకు చేరువలో ఉన్నాయి. 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. తమిళనాడులోని రాజపాలయంలో స్థిరపడి నేటికీ ఇంట తెలుగు మాట్లాడే రాజులు తమ పూర్వులు విజయనగర సీమ నుండి వలస వచ్చారని చెప్పుకుంటారు. ఆ ఊరి పేరుతోనే తెల్లని రాజపాలయం కుక్క ప్రసిద్ధమయింది. మరొక వైపు, గుత్తి కేంద్రంగా పాలించిన మరాఠా సేనాని మురారిరావు ఘోర్పడే వంశీయుడు. హిందూపురానికి ఆ పేరు ఆయన తండ్రి హిందూరావు వలన వచ్చిందని స్థానిక ఐతిహ్యం. ముధోల్ సంస్థానాన్ని ఏలినదీ, ఆ జాగిలాలను పోషించినదీ ఘోర్పడేలే.

ఈ రెండు సంబంధాలూ మనుషుల చరిత్రకు చెందినవి. కుక్కల వంశానికి వాటిని సాక్ష్యంగా స్వీకరించడం సాధ్యం కాదు. పాలకులు వచ్చిన దారిలోనే జాగిలాలూ వచ్చి ఉండవచ్చుననే ఊహ సహజమే. అయితే ఏ తరంలో ఏ తల్లికి ఏ పిల్ల పుట్టిందో తెలిపే పత్రం లేనంత కాలం అది ఊహగానే మిగులుతుంది. పత్రం లేని చోట కథ చేరుతుంది. కథ నుండి పేరు, పేరు నుండి ధర పుడతాయి. సన్నని నడుము, పొడుగు కాళ్లు గల కుక్క కనిపించగానే దానిని పాలెగార్ల జాగిలమని అమ్మడం మొదలైతే, దాని అసలు లక్షణాలను పరిశీలించే అవకాశం పోతుంది. కొనుగోలుదారు ఆకారాన్ని చూస్తాడు, కాపరి పనిని చూస్తాడు. ధర ఆకారానికే దక్కినప్పుడు పని గుణం రెండు మూడు తరాలలో క్షీణించవచ్చు.

మూసివేసిన గ్రంథం: డాల్మేషియన్ అనుభవం

వంశావళి గ్రంథం కూడా దానంతటదే క్షేమకరం కాదు. తల్లిదండ్రులిద్దరూ నమోదైన పిల్లలనే చేర్చుకుంటూ, బయటి రక్తాన్ని అనుమతించని పద్ధతిని మూసిన గ్రంథం అంటారు. డాల్మేషియన్ జాతి దీనికి తగిన ఉదాహరణ. ఈ జాతిలోని కుక్కలన్నింటిలో యూరిక్ ఆమ్లం మోతాదు ఎక్కువగా ఉండి, కొన్నింటికి, ముఖ్యంగా మగవాటికి, మూత్రంలో రాళ్లు ఏర్పడతాయి. దీనికి కారణమైన లోపభూయిష్ట జన్యువు జాతి అంతటా స్థిరపడిపోయింది. సరైన జన్యువు గల కుక్క ఒక్కటీ లేనందున జాతి లోపలి ఎంపికతో ఈ దోషాన్ని తొలగించడం అసాధ్యం.

1973లో జన్యు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ షైబుల్ ఒక పాయింటర్ కుక్కతో సంకరం చేసి, ఆ సంతానాన్ని వరుసగా డాల్మేషియన్‌లతోనే జతకట్టించారు. 1981లో అయిదవ తరానికి చెందిన రెండు కుక్కలను అమెరికన్ కెన్నెల్ క్లబ్ నమోదు చేసింది. జాతి సంఘ సభ్యులు అభ్యంతరం చెప్పడంతో తదుపరి నమోదు ఆగిపోయింది. 2008లో ఈ దోషానికి మూలమైన జన్యువును శాస్త్రవేత్తలు గుర్తించారు. 2011లో గాని అమెరికన్ సంస్థ ఈ వంశపు కుక్కలను అంగీకరించలేదు. ఒక్క సరైన జన్యువు గ్రంథంలోకి ప్రవేశించడానికి 38 సంవత్సరాలు పట్టింది. అదే సమయంలో మరొక విషయం గమనించాలి. ప్రతి తరం జతలను షైబుల్ వ్రాసి ఉంచినందువలననే ఆ కుక్కల వంశం నిరూపింపబడింది. హాని చేసినది గ్రంథాన్ని మూసివేయడమే గాని నమోదు కాదు.

రాజపాలయం జాతిలోనూ ఇటువంటి హెచ్చరిక ఉంది. పెంపకందారులు కోరుకునే స్వచ్ఛమైన తెలుపు రంగుతో పాటు చెవుడు సమస్య ఆ జాతిలో కనిపిస్తుంది. వినికిడి లేని కుక్క ప్రదర్శనలో నిలబడగలదు. రాత్రివేళ మందను కాయలేదు.

సంఖ్యల భాష

విద్యార్థులు ఈ విషయాన్ని సులభమైన లెక్కతో గ్రహించవచ్చు. మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో గుణించి, ఆ లబ్ధాన్ని నాలుగుతో హెచ్చించి, ఆడ, మగ మొత్తంతో భాగిస్తే ప్రభావ సంతతి పరిమాణం వస్తుంది. 5 మగ, 100 ఆడ కుక్కలు సంతానోత్పత్తిలో ఉంటే కంటికి 105 కనిపించినా ప్రభావ పరిమాణం సుమారు 19 మాత్రమే. ఒక్కొక్క తరంలో అంతఃప్రజననం 2.6 శాతం పెరుగుతుంది. మగవాటిని 25కు పెంచితే ప్రభావ పరిమాణం 80కి చేరి, పెరుగుదల 0.6 శాతానికి తగ్గుతుంది. తరానికి ఒక శాతం మించకూడదనే సాధారణ నియమం ప్రకారం ప్రభావ పరిమాణం కనీసం 50 ఉండాలి. ప్రదర్శనలో గెలిచిన ఒకే మగకుక్కను ఊరూరా వాడుకోవడం ఈ లెక్క దృష్ట్యా ప్రమాదకరం. అన్నాచెల్లెళ్ల జత నుండి పుట్టిన పిల్లలో అంతఃప్రజనన గుణకం 25 శాతం. తల్లీకొడుకులు, తండ్రీకూతుళ్ల జతలలోనూ అంతే. బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ 2009 నుండి ఇటువంటి జతల సంతానాన్ని నమోదు చేయడం మానివేసింది.

క్షేత్రస్థాయిలో నమోదు విధానం

మంద కుక్కల నమోదును కాపరి వద్ద మొదలుపెట్టాలి. టీకా వేసే రోజు దీనికి అనువైనది. రేబిస్ టీకాకు కుక్కను తెచ్చినప్పుడే దాని వివరాలు వ్రాసుకుంటే కాపరికి అదనపు శ్రమ ఉండదు. జూలై 6న జరిపే ప్రపంచ జూనోసిస్ దినపు టీకా శిబిరాలను ఇందుకు వినియోగించుకోవచ్చు.

మొదటి దశలో ప్రతి కుక్కకు గుర్తింపు సంఖ్య, వీలైన చోట పదిహేను అంకెల మైక్రోచిప్, ఛాయాచిత్రం, వయస్సు, ఊరు, మంద పరిమాణం నమోదు చేయాలి. పెద్ద కుక్కలలో భుజం ఎత్తు, శరీరం పొడవు, ఛాతీ చుట్టుకొలత, చెవి, తోక, వెంట్రుక తీరు కొలవాలి.

రెండవ దశ ఈతల నమోదు. గర్భకాలం సుమారు 63 రోజులు గనుక చూలు కుక్కను గుర్తించిన వెంటనే మరుసటి సందర్శన తేదీని నిర్ణయించుకోవచ్చు. పుట్టిన పిల్లలెన్ని, ఆడ, మగ ఎన్ని, రెండు నెలలకు బ్రతికినవెన్ని, ఏ పిల్ల ఏ మందకు వెళ్లింది, వినికిడి వంటి లోపాలున్నాయా అన్నవి ముఖ్యం. స్వేచ్ఛగా తిరిగే కుక్కలలో ఒకే ఈత పిల్లలకు ఒకటి కంటే ఎక్కువ తండ్రులు ఉండే అవకాశం ఉంది. తండ్రి తెలియనప్పుడు ‘తెలియదు’ అనే వ్రాయాలి. అంచనాతో నింపిన గడి ఖాళీ గడి కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. అవసరమైన చోట నోటి లోపలి కణాల నమూనాతో పితృత్వ నిర్ధారణ జరపవచ్చు.

మూడవ దశ పని నమోదు. రాత్రి కాపలా, అపరిచితుల పట్ల స్పందన, గొర్రెలను గాయపరచని స్వభావం, వలసలో ఓర్పు అనే అంశాలను కాపరి మాటల్లోనే వ్రాసుకోవాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తున్నందున వేట సామర్థ్యాన్ని పరీక్షాంశంగా చేర్చరాదు. పిల్లలను అమ్మే పెంపకందారులకు 2017 నాటి కుక్కల సంతానోత్పత్తి, విక్రయ నియమాలు వర్తిస్తాయి. రికార్డుల నిర్వహణ, ఆడకుక్కకు జీవితకాలంలో అయిదు ఈతల పరిమితి వాటిలో ఉన్నాయి.

సర్వే రాష్ట్ర సరిహద్దు వద్ద ఆగకూడదు. హిందూపురం మందలు, గౌరిబిదనూరు, మధుగిరి, పావగడ మందలు ఒకే భూభాగానివి. వ్యవసాయ విజ్ఞాన కేంద్రాలు, పశువైద్య కళాశాలలు, పశుసంవర్ధక శాఖ కలిసి పనిచేస్తేనే వివరాలు పోల్చదగినవిగా ఉంటాయి. ముధోల్ సమీపంలోని తిమ్మాపూర్‌లో కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం నడుపుతున్న శునక పరిశోధన కేంద్రం ఈ పనికి దగ్గరలోని నమూనా.

ముగింపు

ఇటువంటి సర్వే చివర ఈ ప్రాంతపు కుక్కలు ప్రత్యేక జాతి అని తేలవచ్చు, విశాలమైన దక్కను దేశీ సమూహంలో భాగమని కూడా తేలవచ్చు. రెండవ ఫలితాన్ని వైఫల్యంగా భావించనవసరం లేదు. ఆ కుక్కల పని విలువ అందువలన తగ్గదు. ముందే పేరు పెట్టి, కొన్ని అందమైన కుక్కలను ఏరి, వాటితోనే సంతానం పెంచడం వలన మాత్రం నష్టం తప్పదు. జాతి ప్రమాణం వ్రాసే ముందు కనీసం మూడు తరాల ఈతల పుస్తకం నిండాలి. తల్లి పేరు, పుట్టిన తేదీ, పిల్ల చేరిన మంద అనే మూడు గడులతో ఒక నోటుపుస్తకం తెరిచిన రోజే ఆ పని మొదలవుతుంది.