మదనపల్లె, పుంగనూరు, కుప్పం బస్సు మార్గాలు: రైలు, రాష్ట్ర సరిహద్దు

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడింది. అయితే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల బస్సు రవాణాను ఆ సంస్థ చరిత్రతో మాత్రమే వివరించలేము. రైలుమార్గం, రాష్ట్ర సరిహద్దు అనే రెండు అంశాలనూ పరిగణించాలి.

పుంగనూరుకు రైలు లేదు. పాకాల–ధర్మవరం మార్గంలోని మదనపల్లె రోడ్డు స్టేషన్ పట్టణానికి దూరంగా ఉంది. అందువల్ల ఈ రెండు పట్టణాల ప్రయాణికులకు బస్సే ముఖ్యాధారమైంది. కుప్పం మాత్రం బెంగళూరు–జోలార్‌పేట రైలుమార్గంపై ఉంది. అక్కడి బస్సులకు ఎదురైన ప్రశ్న సరిహద్దు.

1953 అక్టోబరు 1కి ముందు కుప్పం, కృష్ణగిరి రెండూ మద్రాసు రాష్ట్రంలోనివే. ఆంధ్ర రాష్ట్రావతరణతో వాటి మధ్య దారి అంతర్రాష్ట్ర మార్గమైంది. 1939 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రపు పర్మిట్ మరో రాష్ట్రంలో చెల్లడానికి సాధారణంగా అక్కడి రవాణా అధికారుల ప్రతిసంతకం అవసరం.

ఈ విభజన ప్రభావం ఇటీవలి కాలంలోనూ కనిపిస్తుంది. 2025 ఆగస్టు 15న మహిళల ఉచిత ప్రయాణానికై స్త్రీశక్తి పథకాన్ని ఆరంభించినప్పుడు అంతర్రాష్ట్ర సర్వీసులను మినహాయించారు. ఆ నియమం వల్ల పుంగనూరు నుంచి మదనపల్లెకు పల్లెవెలుగు బస్సులో వెళ్లే మహిళకు ఛార్జీ లేదు; కుప్పం నుంచి కృష్ణగిరికి వెళ్లే మహిళకు ఉంది. కనుక ఈ ప్రాంత రవాణా చరిత్రకు పొరుగు రాష్ట్రాల పర్మిట్ దస్త్రాలు కూడా మూలాధారాలే.